పళ్ళొచ్చాక చెప్పాల్సిన కథ

నిన్న సాయంత్రం మా మనవరాలు బడి నుంచి వచ్చి, సంచీ సోఫాలో పడేసి, నోరు బిగించుకుని కూర్చుంది. విషయం వాళ్ళమ్మ చెప్పింది. బడిలో పిల్లలందరూ తలా ఒక కథ చెప్పాలట. ఈ పిల్ల వంతు వచ్చేసరికి లేచి నిలబడి, ఒక్క మాట అని, మళ్ళీ కూర్చుండిపోయిందట. ముందు పళ్ళు రెండూ ఈమధ్యే ఊడాయి. మాటతో పాటు గాలి కూడా వస్తోంది. పక్క పిల్లలు నవ్వి ఉంటారు.

"పోనీ నాకు చెప్పవే ఆ కథ" అన్నాను.

"పళ్ళొచ్చాక చెప్తాలే అమ్మమ్మా" అంది, పెదాలు సరిగా తెరవకుండానే.

నేను ఉలిక్కిపడ్డాను. ఆ మాట ఇదివరకు ఇంకో నోటి నుంచి విన్నాను. అప్పుడు పళ్ళు లేనిదాన్ని నేను. కథ దాచుకున్నది మా మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి. మనవరాలి పాలు చల్లారిపోతున్నాయని కూతురు కేకలేస్తోంది గానీ నా ముక్కుకి మాత్రం ఎండు నెత్తళ్ళ చేపల వాసన, దాని వెనకే పచ్చి పొగాకు వాసన వచ్చేశాయి.

మాది నౌపడ అవతల, ఉప్పు మడులు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న చేపల పేట. మా నాన్న తెప్ప మీద వేటకెళ్ళేవాడు. తెచ్చిన చేపని మా అమ్మ ఉప్పేసి ఇసకలో ఎండబెట్టేది. ఎండిన చేపని తట్టలో పెట్టుకుని పైఊళ్ళకి అమ్మకానికి తీసుకెళ్ళేది మామ్మ. పైఊళ్ళంటే వరి, చోళ్ళు, అంటే రాగులు, పండించుకునే రైతుల ఊళ్ళు. చేపకి డబ్బులిచ్చేవాళ్ళు తక్కువ, గింజలు కొలిచేవాళ్ళు ఎక్కువ. మామ్మ పొద్దున్నే తట్ట నెత్తిన పెట్టుకుని, రెండు చేతులూ ఊపుకుంటూ, నోట్లో చుట్టతో ఉప్పు మడుల గట్ల మీద నడిచిపోయేది. తట్టని చేత్తో పట్టుకోవడం ఆవిడకి నామోషీ.

ఆ చుట్ట సంగతి చెప్పాలి. మా వైపు ఆడవాళ్ళు చుట్టని తిరగేసి కాల్చేవారు. నిప్పున్న కొస నోట్లో ఉంటుంది, ఆకు కొస బయట ఉంటుంది. అడ్డపొగ అంటారు. ఎరగని వాళ్ళకి చెబితే నేనేదో కట్టుకథ చెబుతున్నానని నవ్వుతారు. మా పేటలో నవ్వేవాళ్ళు ఎవరూ లేరు, అందరి నోట్లోనూ నిప్పే. సముద్రపు గాలికి బయటి నిప్పు ఆరిపోతుంది, లోపలి నిప్పు ఆరదు. వల అల్లుతున్నా, చేప కోస్తున్నా చేతులు ఖాళీగా ఉంటాయి. కొత్త కోడలు అత్తగారి ఎదుట కాల్చుకున్నా నిప్పు కనబడదు కాబట్టి మర్యాద దక్కుతుంది. అన్నిటికన్నా పెద్ద కారణం, పొగకి పంటి పురుగు చస్తుందని మావాళ్ళ నమ్మకం. మామ్మ పళ్ళు అందుకు సాక్ష్యం. నేరేడు పండు రంగులో నల్లగా ఉండేవి, ఒక్కటీ కదిలేది కాదు. వల దారం కొరికి తెంపడానికి పేటలో కుర్రవాళ్ళు కూడా ఆవిడ దగ్గరికే తెచ్చేవారు.

"సూడర్రా, ఇనుపగుళ్ళు" అని పెదవి ఎత్తి చూపించేది. మేం వేళ్ళతో కొట్టి చూసేవాళ్ళం.

నోట్లో నిప్పు పెట్టుకుని మాట్లాడటం కూడా ఒక విద్యే. మామ్మ చుట్టని నాలుక మీద ఒక పక్కకి నెట్టి, మాట జారనిచ్చేది. పొద్దు వాలాక ఇంటి ముందు చూరు కింద కూర్చుని కథ మొదలుపెడితే, చుట్టుపక్కల పిల్లలం అందరం ఇసకలో చతికిలబడేవాళ్ళం. కథలో రాకాసి వచ్చే చోట మాట ఆపి, మెల్లగా నోరు తెరిచేది. లోపల ఎర్రగా నిప్పు. పొగ ముక్కులోంచి, నోట్లోంచి బయటికొచ్చేది. ఎన్నిసార్లు చూసినా మేం ఒకళ్ళ మీద ఒకళ్ళం పడి పారిపోయేవాళ్ళం. మళ్ళీ వచ్చి కూర్చునేవాళ్ళం.

కథకి మామ్మ పెట్టిన కట్టుబాట్లు ఉండేవి. వినేవాళ్ళు ఊఁ కొట్టాలి, లేకపోతే కథ దారి తప్పిపోతుంది. ముందు పళ్ళు ఊడినవాళ్ళు కథ చెప్పకూడదు, వినాలంతే. పళ్ళొచ్చాక ఎవరి కథ వాళ్ళు చెప్పుకోవచ్చు. అలా మా పేటలో పిల్లలు ఎదిగే లెక్క పుట్టినరోజులతో ఉండేది కాదు. ఊఁ కొట్టే పిల్లలు, కథ చెప్పే పిల్లలు, అంతే.

ఆ వేసవిలో నా పన్ను ఊడింది. పచ్చి మామిడికాయ టెంక దగ్గర ఇంకా ఏదో మిగిలిందని కొరుకుతుంటే, పన్ను టెంకలోనే ఉండిపోయింది. నెత్తురు చూసి ఏడుస్తుంటే మామ్మ వచ్చి, పన్ను తీసి, ఆవుపేడ ముద్దలో పెట్టి, తాటాకు కప్పు మీదికి నా చేతే విసిరించింది. నాలుగు రోజులకి పక్కదీ ఊడింది.

"ఓలమ్మ, గుంటకి గుమ్మం తెరుసుకున్నాది. ఇంక నాతో తిరుగు. ఊఁ కొట్టడానికి పనికొస్తావు" అంది మామ్మ. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు.

అలా ఆ వేసవంతా ఆవిడ వెనకాల పైఊళ్ళకి తిరిగాను. పొద్దున్నే చోడి అంబలి తాగి, ఉప్పూ కాల్చిన పిడక కచికా కలిపి పళ్ళు తోముకుని బయలుదేరేవాళ్ళం. మామ్మ గుమ్మం ముందు తట్ట దింపితే ఆ ఇంటి ఆడవాళ్ళు బేరం కన్నా ముందు కబురు అడిగేవారు. ఏ ఊరి కోడలు పుట్టింటికెళ్ళింది, ఏ ఊరి ఎద్దు చచ్చిపోయింది, అన్నీ మామ్మకి తెలుసు. తెలియనివి కల్పించేది. కొలిచిన గింజల మీద ఇంకో గుప్పెడు పడేది. బయటికొచ్చాక నాకేసి చూసి, "నోరు మంచిదైతే ఊరు మంచిదే గుంటా" అనేది. చేప ఎంత ఎండిందో ఎవరూ చూసినట్టు లేదు.

ఒకరోజు తిరిగొచ్చే దారిలో ఆ కథ మొదలుపెట్టింది. ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదట, నా కోసమే దాచిందట. సముద్రంలో ఒక రాకాసి ఉంది. వేటకెళ్ళిన ఒకాయన గొంతు దొంగిలించేసింది. ఆయన ఒడ్డుకొచ్చాడు గాని మాట లేదు. కూతుర్ని పేరు పెట్టి పిలవలేడు. ఆ కూతురు నా అంతే ఉంటుంది. తండ్రి తెప్ప ఎక్కి, అలలన్నీ దాటి, రాకాసి నిద్దరోతుంటే తెరిచున్న నోట్లోకి దూరిపోయింది. పళ్ళు ఒక్కొక్కటీ ఒక్కో తలుపంత. నాలిక కింద శంఖం. శంఖంలో నాన్న గొంతు. శంఖం పట్టుకుని నాలిక మీదికెక్కి నిలబడింది. అప్పుడు రాకాసికి మెలకువొచ్చింది. నోరు మూసేసింది.

"ఊఁ" అన్నాను. ఉప్పు మడుల మీద ఎండకి కళ్ళు మూతలు పడుతున్నా, చెవులు మాత్రం తెరుచుకునే ఉన్నాయి.

మామ్మ చుట్టని పక్కకి నెట్టి నడుస్తోంది.

"తరవాతేటైనాది మామ్మా? ఎలగొచ్చినాది బయిటికి?"

"నీకు పళ్ళొచ్చినాక సెప్తాను."

"ఇప్పుడే సెప్పు."

"ఊడిన నోట్లో కత నిలవదే. జారిపోద్ది. పళ్ళు రానీ, అప్పుడు సెప్తాను. అప్పుడు నువ్వు ఇంకోలికి సెబుదువు గాని."

ఎంత బతిమాలినా చెప్పలేదు. మామ్మ ప్రతి కథ చివరా "కత కంచికెల్లినాది, మనం ఇంటికెల్దారి" అనేది. ఈ కథకి అనలేదు. ఆ పిల్ల రాకాసి నాలిక మీద చీకట్లో అలాగే నిలబడిపోయింది. నాకు అన్నం తింటున్నా ఆ పిల్లే, నీళ్ళు తోడుతున్నా ఆ పిల్లే.

పళ్ళు తొందరగా రావాలని నేను చెయ్యని పని లేదు. చిగురు మీద ఉప్పు రుద్దాను. తాటాకు కప్పు మీద పన్ను ఎక్కడ పడిందో చూద్దామని ఎక్కబోయి, చూరు విరగ్గొట్టి అమ్మ చేత దెబ్బలు తిన్నాను. ఒకరోజు కొబ్బరి ముక్కకి పళ్ళలా గాట్లు పెట్టి, చిగుళ్ళ సందులో ఇరికించుకుని మామ్మ ముందు నిలబడ్డాను.

"పళ్ళొచ్చేసినాయి, కత సెప్పు" అనేలోగా ముక్క జారి ఇసకలో పడింది.

మామ్మ పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి చెంప పట్టుకుంది. చుట్ట చేతిలోకి తీసి, కళ్ళు మూసుకుని కాసేపు కూర్చుంది. నేను కొబ్బరి ముక్క దులుపుకుని తినేశాను.

ఆ తర్వాత మామ్మ కారం తినడం మానేసింది. వేడి అంబలి చల్లారేదాకా ఆగేది. అంగిట్లో పుండు పడిందని అమ్మతో అంది. అమ్మ, పక్కింటి ఆడవాళ్ళు, పేటలో పెద్దలు అందరూ ఒకటే మాట చెప్పారు. సెగ తగిలితే పుండు ఆరుతుంది. మామ్మ మామూలు కంటే ఇంకో చుట్ట ఎక్కువ కాల్చడం మొదలుపెట్టింది. పొయ్యిలోంచి నిప్పు ఎవరు దగ్గరుంటే వాళ్ళం అందించేవాళ్ళం. అది మందు అనుకున్నాం. ఆ ఇంట్లో ఆ నిప్పు ప్రేమతోనే ఇచ్చాం.

వానలకి ముందు పేటకి జీపు వచ్చింది. కొండల వైపు గొడవలు జరుగుతున్న రోజులవి. పెద్దవాళ్ళు ఆ సంగతులు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. జీపంటే పోలీసులే అని మాకు తెలిసిన లెక్క. ఎవరో కేక వెయ్యగానే మగవాళ్ళు తెప్పల వైపు, ఆడవాళ్ళు సరుగుడు తోటలోకి పరిగెత్తారు. మామ్మ కూడా నన్ను రెక్క పట్టుకుని లాక్కుపోయింది. జీపులో వచ్చినవాళ్ళు పట్నం డాక్టర్లు. అడ్డపొగ కాల్చేవాళ్ళ నోళ్ళు చూడటానికి వచ్చారట. ఆ సంగతి తెలిసి జనం తిరిగొచ్చేసరికి పొద్దు వాలిపోయింది. మా అమ్మ మామ్మని ముందుకి తోసింది. టార్చిలైటు పట్టుకున్న కుర్ర డాక్టరు "నోరు తెరు తల్లీ" అన్నాడు.

మామ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. "మొగోడికి నోరు తెరిసి సూపిత్తానేటి, సిగ్గునేదా" అంది. పిల్లలమైన మా ముందు రోజూ రాకాసిలా నోరు తెరిచే మనిషి, ఆ ఒక్క రోజు తెరవలేదు.

డాక్టరు అమ్మతో చెప్పాడు, చుట్ట తిరగేసి కాల్చడం మాన్పించమని, పట్నం ఆసుపత్రికి తీసుకురమ్మని. జీపు వెళ్ళిపోయాక అమ్మ ఆ మాటే చెబితే మామ్మ విసుక్కుంది.

"సుట్ట మానేత్తే పళ్ళూడిపోతాయి. పళ్ళూడిపోనాక నా కత ఎవులింటారు?"

ఇనుపగుళ్ళ లాంటి పళ్ళు ఎదురుగా కనబడుతుంటే ఎవరు మాత్రం ఏమంటారు. పళ్ళు గట్టిగా ఉంటే నోరు బాగున్నట్టే అనుకున్నాం అందరం.

వానలు పడ్డాయి. మామ్మ తట్ట ఎత్తడం మానేసింది. అమ్మ వెళ్ళొచ్చేది, సగం గింజలతో. మామ్మ మాట మారింది. ముక్కులోంచి వచ్చేది. తాగిన నీళ్ళు కూడా ముక్కులోంచి వచ్చేవి. పొద్దు వాలాక పిల్లలు అలవాటు కొద్దీ వచ్చి చూరు కింద కూర్చునేవారు. మామ్మ చేత్తో పొమ్మనేది. కొన్నాళ్ళకి వాళ్ళే రావడం మానేశారు. పట్నం తీసుకెళ్దామని నాన్న అన్నప్పుడల్లా, వేట రోజులు పోనీ అనేది. వేట రోజులు పోయాక తుపాను రోజులొచ్చాయి. నాకు మాత్రం ఒక్కటే ఆదుర్దా. నా పళ్ళు ముందొస్తాయా, మామ్మ గొంతు ముందు పోతుందా. పిల్లనే గాని ఆ పందెం నాకు బాగానే అర్థమైంది. రోజూ పొద్దున్నే నాలికతో చిగురు తడుముకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం నాలికకి గరుగ్గా తగిలింది. పరిగెత్తాను. మామ్మ చూరు కింద చాప మీద గోడకి ఆనుకుని కూర్చుంది. అప్పటికి చుట్ట కూడా నోట్లో నిలవడం లేదు. నేను పెదవి ఎత్తి చూపించాను. మామ్మ వేలు పెట్టి తడిమింది. బియ్యపుగింజ అంత తెల్లగా ఉందని అమ్మ అంది.

"పళ్ళొచ్చినాయి మామ్మా. సెప్పు" అన్నాను.

మామ్మ నా కేసి చూసింది. గొంతు సవరించుకుంది. చెప్పింది. నిజంగానే చెప్పింది, ఆ కథ చివరంతా. కానీ అందులో ఒక్క మాట కూడా మాటలా లేదు. ముక్కులోంచి ఏదో గాలి, మధ్య మధ్య నొప్పికి ఆగడం. నేను ఊఁ కొట్టలేదు. అర్థం కాకుండా ఊఁ కొడితే కథ దారి తప్పుతుందని ఆవిడే చెప్పింది. మామ్మ ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. మామ్మ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

అప్పుడు గడ్డంతో నన్ను చూపించింది. నువ్వు చెప్పమని. నేను ఇంకా నోరు విప్పలేదు, కథ ఇంకా మొదలుకాలేదు. మామ్మే ముందు "ఊఁ" అంది.

నేను చెప్పాను. రాకాసి, తెప్ప, తలుపుల్లాంటి పళ్ళు, శంఖం. మామ్మ పెదాలు మూసుకునే ఊఁ కొడుతోంది. ఊఁ అనడానికి నోరు తెరవక్కర్లేదు. పిల్ల నాలిక మీదికెక్కింది, రాకాసి నోరు మూసేసింది. అక్కడ ఆగాను. ఆ పైన నాకు తెలీదు కదా. మామ్మ కేసి చూశాను. మామ్మ "ఊఁ" అంది.

ఏం చెప్పను? ఎదురుగా ఉన్నదే చెప్పాను. ఆ పిల్ల చీకట్లో నిలబడి రాకాసికి కథ చెప్పడం మొదలెట్టినాది. రాకాసి నోరు మూసుకునే ఊఁ కొట్టినాది. పిల్ల చెప్పింది చెప్పింది, బాగా రంజుగా ఉన్న చోట టక్కున ఆపేసినాది. రాకాసి ఆగినాది, ఆగినాది. ఇంక ఆగలేక...

అంటూ నేనూ ఆగాను. ఆగడం మామ్మ దగ్గర నేర్చుకున్నదే.

"ఆఁ?" అంది మామ్మ. నోరు తెరిచింది.

మిట్టమధ్యాహ్నం వెలుతురు లోపలి దాకా పడింది. పళ్ళన్నీ ఉన్నాయి, నల్లగా, గట్టిగా, ఒక్కటీ కదలకుండా. పైన అంగిలి లేదు. తెల్లగా కాలిన అంచులు, మధ్యలో కన్నం. నేను పారిపోలేదు. ఉత్తుత్తి రాకాసికైతే ఎన్నోసార్లు పారిపోయాను.

"అలగే రాకాసి నోరు తెరిసినాది. పిల్ల దూకేసినాది. శంఖం తెచ్చి నాన్నకిచ్చినాది" అని గబగబా చెప్పేశాను. "కత కంచికెల్లినాది" అని కూడా అన్నాను, ఏడుస్తూనే.

మామ్మ నా గడ్డం పట్టుకుని, కొత్త పన్ను మీద మళ్ళీ వేలు పెట్టింది. నవ్వింది. ఆ నవ్వు, సరిగ్గా ఇదే నేను చెప్పబోయిందనా, ఇది కాదు గాని ఇదీ బాగానే ఉందనా, నాకు ఈనాటికీ తెలీదు. తరువాతి అమావాస్య దాటకుండా పోయింది. మామ్మ తట్ట దింపిన ఊళ్ళన్నీ కబురు తెలిసి వచ్చాయి. చేపల ముసలమ్మకి అంత జనమా అని నాన్న తెల్లబోయాడు.

మా అమ్మ ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు కాల్చింది. మెల్లగా పేటలో ఒక్కొక్కరూ మానేశారు. ఆ పేట ఇప్పుడు లేదు, సముద్రం ముందుకొచ్చి ఇళ్ళు వెనక్కి జరిగాయి. నేను కల్పించిన ముగింపుతో ఆ కథ ఎంతమందికో చెప్పాను. పిల్లలకి, పక్కింటి పిల్లలకి, ఒకసారి రైల్లో ఏడుస్తున్న పసివాడికి. అందరూ బాగుందనే అన్నారు. నా బాధ వేరు. ఉప్పు మడుల గట్టు మీద, మాట బాగున్న రోజున, మామ్మ ఇంకొంచెం చెప్పి ఉంటే సరిపోయేది. నా పళ్ళ కోసం ఆగింది. అన్నిటికీ టైముంది అనుకునే మనుషులం, పుండుకీ, ఆసుపత్రికీ, కథకీ.

నిన్న ఇదంతా మనవరాలికి చెప్పలేదు. కథ మాత్రం చెప్పాను. పిల్ల నాలిక మీదికెక్కింది, రాకాసి నోరు మూసేసింది, అక్కడ నాకు తెలియకుండానే ఆగిపోయాను.

"ఆఁ? తర్వాత?" అంది అది, పెదాలు బిగించుకోవడం మర్చిపోయి. నోరు బార్లా తెరిచింది. నేను లోపలికి చూశాను. గులాబి రంగు అంగిలి, శుభ్రంగా, నున్నగా. ముందు రెండు పళ్ళ ఖాళీ. ఒక్క క్షణం కూడా ఆగకుండా చివరిదాకా చెప్పేశాను.

"నిజంగా అలాగే వచ్చిందా బయటికి?" అంది.

"తెలీదు. అసలు సంగతి మా మామ్మకే తెలుసు. నువ్వైతే ఎలా తెస్తావు?"

అది ఆలోచించింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పళ్ళొచ్చాక..." అని మొదలుపెట్టింది.

"వద్దమ్మా, ఇప్పుడే చెప్పు" అన్నాను ఆ చెయ్యి పట్టుకుని తీసేస్తూ. అది ఇంకా నోరు తెరవకముందే "ఊఁ" అన్నాను.